సిగ్నల్ దగ్గర వెనక నుంచి గుద్దారు, మెడకి బెల్ట్ ఇచ్చారు: ఎన్నాళ్లు పెట్టుకోవాలి?

బందరురోడ్డు | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. శనివారం సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే కారు ఆపి ఉన్నాను. వెనక నుంచి ట్రాలీ ఆటో వచ్చి గుద్దింది. పెద్ద స్పీడేం కాదు. డిక్కీ సొట్టపోయింది, బంపర్ ఊడింది. సీట్ బెల్ట్ పెట్టుకునే ఉన్నాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు, కిందికి దిగి అతనితో గొడవ కూడా పెట్టుకున్నాను. ఆదివారం పొద్దున లేచేసరికి మెడ పట్టేసింది. ఎవరైనా పిలిస్తే భుజాలతో సహా తిరగాల్సి వస్తోంది.

ఇవాళ ఎముకల డాక్టర్‌కి చూపించాను. ఎక్స్‌రే తీయించి, ఫ్రాక్చర్ లేదు, బెణికింది అంతే అన్నారు. మాత్రలు రాసి, మెడకి బెల్ట్ పెట్టుకోమన్నారు. ఎన్నాళ్లు అని అడిగేలోపే తరవాతి పేషెంట్ లోపలికి వచ్చేశారు. మెడికల్ షాపతను మాత్రం "నెల రోజులు తియ్యకండి సార్" అన్నాడు.

రాత్రి పడుకునేటప్పుడు కూడా ఉండాలా? ఆఫీసుకి బైక్ మీద వెళ్తాను, పర్వాలేదా? ఎక్స్‌రే రిపోర్టులో "లాస్ ఆఫ్ సర్వైకల్ లార్డోసిస్" అని రాసి ఉంది, నెట్‌లో చూసేసరికి ఇంకా టెన్షన్ పట్టుకుంది. నా వయసు 36.

వేపచెట్టు | సోమవారం రాత్రి 9:30

మెడ విషయంలో నిర్లక్ష్యం వద్దు తమ్ముడూ. మా తోడికోడలికి ఇలాగే అయితే నెలన్నర పాటు రాత్రీ పగలూ పెట్టుకుంది, స్నానానికి తప్ప తియ్యలేదు. ఇప్పుడు శుభ్రంగా ఉంది. షాపతను చెప్పింది కరెక్టే.

ఫిజియో_పాలమూరు | సోమవారం రాత్రి 10:05

బందరురోడ్డు గారూ, బెల్ట్ సంగతి తరవాత చూద్దాం. ముందు కొన్ని అడుగుతాను.

చేతుల్లోకి, వేళ్లలోకి తిమ్మిరి గానీ, సూదులు గుచ్చినట్టు గానీ ఉందా? గ్లాసు పట్టుకుంటే జారుతోందా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టంగా ఉందా? నడుస్తుంటే తూలుతున్నారా? మూత్రం విషయంలో ఏమైనా తేడా వచ్చిందా? ఒకటి రెండుగా కనపడటం, మాట తడబడటం, ఎప్పుడూ ఎరగనంత తలనొప్పి లాంటివి ఉన్నాయా? నొప్పి మెడ వెనక సరిగ్గా మధ్యలో, ఎముక మీద ఉందా, పక్కన కండ మీద ఉందా? తల కుడికీ ఎడమకీ సగం దాకా తిరుగుతోందా? బలవంతంగా తిప్పకండి, తిరిగినంత వరకే చెప్పండి.

బందరురోడ్డు | సోమవారం రాత్రి 10:21

తిమ్మిరి లేదండి. గుండీలు, నడక, చూపు అన్నీ మామూలే. నొప్పి రెండు పక్కలా కండ మీదే, ఎడమవైపు భుజం దాకా లాగుతోంది. తల సగం దాకా తిరుగుతోంది, ఎడమకి కొంచెం తక్కువ. తల వెనక కాస్త బరువుగా ఉంది.

ఫిజియో_పాలమూరు | సోమవారం రాత్రి 11:02

మీరు చెప్పినదాన్ని బట్టి కంగారు పడాల్సినదేమీ కనపడట్లేదు. చెయ్యి పెట్టి చూసింది మీ డాక్టర్ కాబట్టి ఆయన మాటే ఆఖరు. రేపు క్లినిక్‌కి ఫోన్ చేసి ఎన్ని రోజులని అడిగేయండి, అందులో మొహమాటం అక్కర్లేదు.

నేను అడిగినవాటిలో చాలావరకు 2001లో కెనడా వాళ్లు ప్రచురించిన పద్ధతిలోవే. మెడకి దెబ్బ తగిలి వచ్చినవాళ్లలో ఎవరికి స్కాన్ తప్పనిసరి, ఎవరికి అక్కర్లేదు అని తేల్చుకోవడానికి ఎమర్జెన్సీ డాక్టర్లు దాన్ని వాడతారు. తిమ్మిరి ఉన్నా, 65 దాటినా, ఎత్తు నుంచి పడినా స్కాన్ తియ్యాల్సిందే. మామూలుగా వెనక నుంచి గుద్దుకోవడం, దెబ్బ తగిలాక లేచి నడవడం, నొప్పి వెంటనే కాకుండా ఆలస్యంగా రావడం, ఇవన్నీ ధైర్యం చెప్పే వైపు లెక్క.

ఇలాంటి దెబ్బని విప్‌లాష్ అంటారు. వెనక నుంచి గుద్దినప్పుడు సీటు మన వీపుని ముందుకు తోస్తుంది. తల మాత్రం ఒక్క క్షణం ఉన్నచోటే ఉండిపోయి, ఆ తరవాత విసురుగా ఊగుతుంది. మెడ కండరాలు, ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్లు సాగిపోతాయి. ఆ బిగుతు మెల్లిగా ఎక్కుతుంది కాబట్టే మీరు శనివారం గొడవ పెట్టుకోగలిగారు, ఆదివారం తల తిప్పలేకపోయారు.

ఇక బెల్ట్. మీకిచ్చింది స్పాంజి కాలర్ అయి ఉంటుంది. అది మెడని కదలకుండా పట్టి ఉంచుతుందని అందరూ అనుకుంటారు గానీ, అది ఉన్నా తల చాలావరకు కదులుతూనే ఉంటుంది. గడ్డానికి కాస్త ఆసరా ఇస్తుంది, వెచ్చగా ఉంటుంది, జాగ్రత్తగా ఉండమని మనకీ పక్కవాళ్లకీ గుర్తుచేస్తుంది. మొదటి రెండు మూడు రోజులు నొప్పి బాగా ఉన్నప్పుడు ఆ మాత్రం సాయం చాలామందికి హాయిగానే ఉంటుంది. అంతకుమించి దాన్నుంచి ఆశించకూడదు. 1995లో క్విబెక్‌లో (కెనడాలోని రాష్ట్రం) నిపుణుల బృందం ఒకటి విప్‌లాష్ మీద పెద్ద నివేదిక ఇచ్చింది. చిన్న దెబ్బకి కాలర్ అక్కర్లేదు, కాస్త ఎక్కువైతే వాడినా 72 గంటలు దాటొద్దు అని అందులో ఉంది. ఆ తరవాత వచ్చిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం కూడా అదే దారిలో, మెడని మామూలుగా కదిలించుకోమనే చెబుతున్నాయి.

కారణం సులువే. చెయ్యి విరిగి కట్టు విప్పాక ఆ చెయ్యి సన్నబడి, కీలు బిగుసుకుపోయి ఉండటం చూసే ఉంటారు. మెడా అంతే. నెల రోజులు కాలర్ మీద ఆనుకుంటే తలని మోసే కండరాలు నీరసిస్తాయి. కాలర్ తీయగానే నొప్పి, నొప్పి రాగానే మళ్లీ కాలర్. ఇక దాన్ని వదలాలంటే భయం పట్టుకుంటుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో అసలు దెబ్బ కన్నా ఈ భయంతో ఇబ్బంది పడేవాళ్లు తక్కువేం కాదు.

మీరైతే ఇలా చెయ్యండి. నొప్పి బాగా ఉన్నప్పుడు గంటో రెండు గంటలో పెట్టుకోండి, ఆటోలోనో బస్సులోనో కుదుపులుంటే పెట్టుకోండి. కూర్చుని భోజనం చేసేటప్పుడు తీసేయండి, గడ్డం పైకి లేచి ఉంటే ముద్ద మింగడం ఇబ్బంది, పొలమారుతుంది. డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప పడుకునేటప్పుడు వద్దు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి తలని మెల్లిగా కుడికీ ఎడమకీ తిప్పండి, ఒక పదిసార్లు. నొప్పి మొదలయ్యే చోటిదాకా వెళ్లి వెనక్కి వచ్చేయండి. రోజురోజుకీ కాలర్ గంటలు తగ్గాలి, మెడ తిరిగే దూరం పెరగాలి.

బైక్ మాత్రం వద్దు. కాలర్ పెట్టుకుంటే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, అద్దంలో కాక వెనక్కి తిరిగి చూసే వీలూ ఉండదు. కాలర్ తీసేసి వెళ్దామన్నా నొప్పితో తల తిరగదు. మెడ రెండు వైపులా హాయిగా తిరిగేదాకా బైకూ వద్దు, కారు స్టీరింగూ వద్దు.

బందరురోడ్డు | సోమవారం రాత్రి 11:20

చాలా థాంక్స్ అండి. మరి ఆ లార్డోసిస్?

నైట్‌డ్యూటీ | మంగళవారం తెల్లవారుజాము 2:40

క్యాజువాలిటీ డాక్టర్‌ని, కాస్త ఖాళీ దొరికింది. మెడ ఎముకలు పక్క నుంచి చూస్తే కొద్దిగా ముందుకి వంపు తిరిగి ఉంటాయి. నొప్పితో కండరాలు బిగిస్తే ఆ వంపు ఎక్స్‌రేలో నిటారుగా కనపడుతుంది. తీసేటప్పుడు గడ్డం కాస్త దించినా అలాగే వస్తుంది. నొప్పే లేనివాళ్లలోనూ కనపడుతుంది. అదొక జబ్బు కాదు. రిపోర్టులో ఆ మాట చూసి కాలర్ కొనుక్కున్నవాళ్లని, ట్రాక్షన్ (మెడని బరువుతో లాగిపట్టే చికిత్స) కోసం తిరిగినవాళ్లని చూశాను.

మాత్రల్లో కండరాలు వదులయ్యేది కలిపి ఉంటే మత్తుగా ఉంటుంది, వేసుకుని బండి నడపకండి. నొప్పి మాత్ర పరగడుపున వద్దు. కడుపులో పుండు, కిడ్నీ, బీపీ ఇబ్బందులుంటే డాక్టర్‌కి చెప్పండి.

వేపచెట్టు | మంగళవారం ఉదయం 7:15

అంటే మా తోడికోడలికి చెప్పిన డాక్టర్‌కి ఏమీ తెలియదంటారా? ఆవిడకి పేరున్న ఆసుపత్రిలోనే చెప్పారు.

ఫిజియో_పాలమూరు | మంగళవారం ఉదయం 8:03

అలా అనట్లేదమ్మా. ఆవిడకి ఏమైందో మనకి తెలియదు కదా. ఎముకలో సన్నని పగులున్నా, మెడకి ఆపరేషన్ జరిగినా, డిస్క్ జారి నరం నొక్కుకున్నా వారాల తరబడి కాలర్ రాస్తారు, అది గట్టి కాలర్ కూడా కావచ్చు. అలాంటివాళ్లు ఇక్కడ నా మాట చదివి తీసెయ్యకూడదు. నేను చెబుతున్నది ఫ్రాక్చర్ లేదని తేలిన బెణుకు గురించే.

మంజీర_ఒడ్డు | మంగళవారం ఉదయం 9:26

నరం సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. నాకు దెబ్బేమీ తగల్లేదు, డిస్క్ జారి కుడిచేతిలోకి కరెంట్ కొట్టినట్టు నొప్పి. న్యూరో డాక్టర్ కొన్ని వారాలు కాలర్ రాసిండు, నిజంగానే హాయి అనిపించింది. అందుకే కాలర్ దండగ అంటే ఒప్పుకోను.

నైట్‌డ్యూటీ | మంగళవారం ఉదయం 10:10

మీ మాట కరెక్టే. 2009లో నెదర్లాండ్స్‌లో చేసిన ఒక అధ్యయనం దీని మీదే. మెడ నుంచి చేతిలోకి పాకే నరం నొప్పి కొత్తగా మొదలైనవాళ్లకి 3 నుంచి 6 వారాలు కాస్త గట్టి కాలర్ పెట్టి విశ్రాంతినిస్తే, ఏమీ చెయ్యకుండా వేచి చూసినవాళ్లకన్నా నొప్పి త్వరగా తగ్గింది. ఫిజియోథెరపీ చేయించుకున్నవాళ్లకీ దాదాపు అంతే తగ్గింది. మీ జబ్బు వేరు, ఈయన బెణుకు వేరు. ఒకే బెల్ట్ కనపడుతోందని రెంటికీ ఒకే లెక్క కట్టడంతోనే వస్తోంది తికమకంతా.

బందరురోడ్డు | మంగళవారం మధ్యాహ్నం 1:34

డాక్టర్ గారికి ఫోన్ చేశాను. "మూడు నాలుగు రోజులు చాలు, నొప్పి ఉన్నప్పుడే పెట్టుకో" అన్నారు. కానీ ఇది పెట్టుకుంటే గడ్డం పైకి లేచి ఆకాశం చూస్తున్నట్టు ఉంది, చెవుల కింద ఒరుసుకుంటోంది. ఫొటో పెడుతున్నాను, చూడండి.

[ఫొటో జతచేశారు]

ఫిజియో_పాలమూరు | మంగళవారం మధ్యాహ్నం 2:08

తలకిందులుగా పెట్టుకున్నారు! ఫొటోలో చూడండి, పట్టీ ఒక అంచు మధ్యలో లోపలికి గుండ్రంగా వంపు తిరిగి ఉంది. ఆ వంపు పైకి రావాలి, గడ్డం అందులో కూర్చోవాలి. మీరు దాన్ని గుండె వైపు పెట్టుకున్నారు. అందుకే ఎత్తు భాగం గడ్డాన్ని పైకి తోస్తోంది. వెల్క్రో మెడ వెనక పడాలి, మీది పక్కకి వచ్చింది.

సరిగ్గా పెట్టుకున్నాక చూపు ఎదురుగా నేలకి సమానంగా ఉండాలి. లోపలికి ఒక వేలు తేలిగ్గా దూరాలి. మింగడానికి, మాట్లాడటానికి అడ్డం రాకూడదు. అప్పుడు కూడా గడ్డం ఎత్తే ఉంటే సైజు పెద్దదని అర్థం. షాపులో చాలామంది మనిషిని చూసి ఎస్, ఎమ్, ఎల్ అని ఇచ్చేస్తారు. మెడ చుట్టుకొలత ఒక్కటే కాదు, గడ్డం నుంచి ఛాతీ ఎముక పైన ఉండే గుంట దాకా ఎత్తు కూడా చూడాలి. పొట్టి మెడవాళ్లకి వెడల్పు కాలర్ ఇస్తే మెడ వెనక్కి వాలిపోతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది.

బందరురోడ్డు | మంగళవారం మధ్యాహ్నం 2:15

తిప్పి పెట్టుకున్నాను. ఇప్పుడు మనిషిలా ఉన్నాను. షాపతనే స్వయంగా పెట్టి పంపించాడండి ఇది!

రెంటచింతల_ఎండ | మంగళవారం సాయంత్రం 5:50

మా ఊళ్లో దీన్ని వేసవిలో పెట్టుకోవడమంటే శిక్షే. మా అన్నయ్యకి మెడ చుట్టూ చెమటకాయలు పేలి, గోకి గోకి పుండు పడింది. దీనికేమైనా దారి ఉందా?

ఫిజియో_పాలమూరు | మంగళవారం సాయంత్రం 6:22

పలచని నూలు గుడ్డ మెడకి ఒక చుట్టు చుట్టి, దాని మీద కాలర్ పెట్టమనండి, తడిస్తే గుడ్డ మార్చుకోవచ్చు. బనీను గుడ్డయితే మెత్తగా ఉంటుంది. పౌడర్ దట్టంగా కొడితే చెమటకి ముద్దకట్టి ఇంకా ఒరుస్తుంది, వద్దు. తొడుగు విడిగా ఊడి వచ్చే రకమైతే మామూలు సబ్బుతో ఉతికి నీడన ఆరబెట్టాలి. స్పాంజి తడిగా ఉండగా పెట్టుకోకూడదు. రోజుకి రెండుసార్లు తీసి గడ్డం కింద, చెవుల వెనక, మెడ ఎముకల మీద ఎర్రబడిందేమో చూడాలి. షుగర్ ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు ఈ పని తప్పక చెయ్యాలి. పుండు పడ్డ చోట కాలర్ పెట్టకండి, డాక్టర్‌కి చూపించండి.

చెరువుకట్ట | మంగళవారం రాత్రి 8:47

మా నాన్నగారికి 71. నిన్న బాత్రూంలో జారి ముఖం మీద పడ్డారు, నుదురు చిట్లింది. ఊళ్లో ఆర్‌ఎంపీ కుట్లు వేసి, ఇంజెక్షన్ చేసి, మెడ నొప్పి అంటే ఇలాంటి స్పాంజి బెల్టే ఇచ్చారు. నడుస్తున్నారు, తింటున్నారు. రెండు చేతులూ మండుతున్నాయంటున్నారు, చెంచా పట్టు సరిగ్గా లేదు. ఇది కూడా రెండు మూడు రోజుల్లో తగ్గేదేనా?

నైట్‌డ్యూటీ | మంగళవారం రాత్రి 8:58

కాదు. దయచేసి ఆగకండి. 108కి ఫోన్ చెయ్యండి, సీటీ, ఎంఆర్‌ఐ ఉన్న పెద్దాసుపత్రికి ఈ రాత్రే తీసుకెళ్లండి. చేతుల్లో మంట, పట్టు తప్పడం ఉన్నాయని ఫోన్లోనే చెప్పండి. వాళ్లు వచ్చేదాకా పడుకోబెట్టి ఉంచండి, మెడ వంచనివ్వకండి, తిప్పనివ్వకండి. కొత్తగా ఏ బెల్టూ మార్చకండి.

ఎందుకంటే, వయసుతో మెడ ఎముకలు అరిగి వెన్నుపాము ఉండే దారి ఇరుకవుతుంది. ముఖం మీద పడితే మెడ విసురుగా వెనక్కి వంగుతుంది, ఎముక విరక్కపోయినా వెన్నుపాము నలిగిపోవచ్చు. అప్పుడు కాళ్లు బాగానే ఉండి చేతులు బలహీనపడటం దాని గుర్తు. ఈ వయసులో రెండో వెన్నుపూస విరగడం కూడా మామూలే, అది ఎక్స్‌రేలో కంటికి అందకుండా పోతుంది. అందుకే సీటీ.

చెరువుకట్ట | మంగళవారం రాత్రి 9:04

బయల్దేరుతున్నాం.

లెస్టర్_తెలుగు | బుధవారం ఉదయం 4:15

ఆయన సంగతి త్వరగా తెలియాలి.

బందరురోడ్డు గారూ, ఇక్కడ యూకేలో మెడ పట్టేసినా, బెణికినా కాలర్ పెట్టుకోవద్దనే చెబుతారు, జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) ప్రత్యేకంగా చెబితే తప్ప. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, మెడ కదిలించడం, అంతే. ఒకప్పుడు ఇక్కడ విప్‌లాష్ క్లెయిములు ఎంత ఎక్కువయ్యాయంటే, 2021 మే 31 నుంచి ఎన్ని నెలలు నొప్పి ఉంటే ఎంత డబ్బు అని ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వమే రేటు కట్టేసింది. అప్పట్లో కాలర్ పెట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్లడం మా ఆఫీసులో జోకు.

బందరురోడ్డు | బుధవారం ఉదయం 9:31

క్లెయిమ్ అంటే గుర్తొచ్చింది. మా బావ "బెల్ట్ తియ్యకు, కేసు బలంగా ఉంటుంది" అంటున్నాడు.

మంజీర_ఒడ్డు | బుధవారం ఉదయం 9:58

కేసుకి పనికొచ్చేది కాగితం. ఓపీ చీటీ, ఎక్స్‌రే, మందుల బిల్లులు దాచుకోండి, పోలీసుల దగ్గర రాయించుకోండి, ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (యాక్సిడెంట్ కేసని ఆసుపత్రిలో రాసే పోలీసు నమోదు) చేయించారేమో కనుక్కోండి. బావ గారి కోసం మెడ బిగించుకోకండి.

కోనసీమ_కుర్రోడు | బుధవారం మధ్యాహ్నం 12:20

ఇంత చర్చ ఎందుకండీ, మా సెలూన్‌లో తల పట్టుకుని రెండు వైపులా టక్ టక్‌మని విరిస్తే పట్టేసిన మెడ ఇట్టే వదులుతుంది. మా ఊళ్లో అందరూ అదే చేస్తారు.

నైట్‌డ్యూటీ | బుధవారం మధ్యాహ్నం 12:52

దెబ్బ తగిలిన మెడకి అది అసలు వద్దు. మెదడుకి రక్తం తీసుకెళ్లే రక్తనాళాలు మెడ ఎముకల్లో సన్నటి కన్నాల గుండా పోతాయి. విసురుగా తిప్పితే వాటి లోపలి పొర చిరగొచ్చు, పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వస్తే ముప్ఫై ఏళ్లవాడికైనా వస్తుంది. యాక్సిడెంట్‌లోనూ ఆ నాళం చిరిగే వీలుంది, మొన్న ఫిజియో గారు తలనొప్పి, చూపు, మాట గురించి అడిగింది అందుకే. నూనె పెట్టి పైపైన మర్దనా చేస్తే ఇబ్బంది లేదు. వేడి కాపడం హాయిగా ఉంటే పెట్టండి, ఐసు హాయిగా ఉంటే ఐసు పెట్టండి. విరవడం మాత్రం ఎవరి చేతా వద్దు.

కోనసీమ_కుర్రోడు | బుధవారం మధ్యాహ్నం 1:05

అమ్మో. సరే సార్.

చెరువుకట్ట | బుధవారం సాయంత్రం 6:40

సీటీలో ఎముక విరగలేదన్నారు. ఎంఆర్‌ఐలో వెన్నుపాముకి వాపు ఉందని తేలింది. గట్టి కాలర్ వేశారు, ముందొకటి, వెనకొకటి రెండు ముక్కలు కలిపి బిగించే రకం. ఐసీయూలో ఉంచి బీపీ చూసుకుంటున్నారు. న్యూరో సర్జన్ రేపు చెబుతామన్నారు. ఆలస్యం చేసి ఉంటే ఏమయ్యేదో. నైట్‌డ్యూటీ గారికి చేతులెత్తి దండం.

నైట్‌డ్యూటీ | బుధవారం రాత్రి 9:15

మంచి పని చేశారు. ఆ గట్టి కాలర్ ఇంట్లోవాళ్లెవరూ విప్పకండి, స్నానానికైనా, భోజనానికైనా. చర్మం తుడవాలంటే నర్సులు ఇద్దరు కలిసి తల పట్టుకుని తీస్తారు. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఆ పద్ధతి మీకూ నేర్పమని అడగండి. కాలర్ ఉంటే కాళ్ల దగ్గర మెట్టు కనపడదు, ఇంట్లో ఒక మనిషి తోడు నడవాలి.

బందరురోడ్డు | తరవాతి సోమవారం రాత్రి 8:30

చెరువుకట్ట గారూ, నాన్నగారు త్వరగా కోలుకోవాలి.

నా సంగతి: కాలర్ ఇప్పుడు ఇంట్లో పెట్టుకోవట్లేదు. సిటీ బస్సులో ఆఫీసుకి వెళ్తున్నాను, మొదట్లో బస్సులో పెట్టుకున్నాను గానీ ఇప్పుడు బ్యాగులోనే ఉంటోంది. ఎడమకి ఇంకా పూర్తిగా తిరగట్లేదు. పొద్దున లేవగానే మాత్రం బిగుతుగా ఉంటోంది, కాస్త తిరిగాక వదులుతోంది. దిండు తీసెయ్యమంటున్నారు ఇంట్లో.

ఫిజియో_పాలమూరు | తరవాతి సోమవారం రాత్రి 9:18

దిండు తీసెయ్యక్కర్లేదు. రెండు దిండ్లు వేసుకుంటుంటే ఒకటి చెయ్యండి. పక్కకి తిరిగి పడుకుంటే భుజానికీ చెవికీ మధ్య ఖాళీ నిండేంత ఎత్తు చాలు. బోర్లా పడుకోవద్దు, రాత్రంతా మెడ ఒకే వైపు మెలితిరిగి ఉంటుంది. ఫోన్ కళ్లకి ఎదురుగా పట్టుకోండి. ఇప్పుడు గడ్డం లోపలికి లాక్కునే వ్యాయామం మొదలుపెట్టొచ్చు: కూర్చుని, చూపు ఎదురుగా ఉంచి, తల కిందికి వంచకుండా గడ్డాన్ని వెనక్కి జరపండి, అయిదు లెక్కపెట్టి వదలండి. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, కొందరికి రెండు మూడు నెలలు పడుతుంది. మధ్యలో చేతిలో తిమ్మిరి గానీ, పట్టు తప్పడం గానీ మొదలైతే ఇక్కడ రాయకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

బందరురోడ్డు | తరవాతి సోమవారం రాత్రి 9:40

అలాగేనండి. చివరగా ఒకటి, మా కజిన్ జిమ్‌లో మెడ పట్టేసిందని నా బెల్ట్ అడుగుతున్నాడు. ఇచ్చెయ్యనా?

ఫిజియో_పాలమూరు | తరవాతి సోమవారం రాత్రి 9:52

మీ సైజు అతనిది కాదు, మీ చెమట పట్టిన స్పాంజి. తల మీద బరువు పడిందా, చేతిలోకి లాగుతోందా అని ముందు కనుక్కోండి. అవునంటే బెల్ట్ కాదు, ఓపీ చీటీ కావాలి అతనికి.